దాచుట వేరు, బొంకుట వేరు

ప్రభుత్వము ప్రజలకు తెలియనీయక కొన్ని సంగతులను దాచవచ్చునా? దాచవచ్చుననియే నా అభిప్రాయము. సైనిక రహస్యములు లేని రాజ్యము లేదు. కాని దాచుటకును బొంకుటకును నడుమ ఒక గీత కలదు. దానిని దాటిన ఏమగునో అమెరికా దేశపు ‘ఎగిరే పళ్ళెముల’ కథవలన తెలియును. మన పిల్లలు పలువు రచ్చట నుండుటచే ఈ ప్రస్తావన మన ఇండ్లలోను వచ్చుచునే యున్నది.

1947 జూలైలో న్యూమెక్సికో రాష్ట్రమునందలి రోస్‌వెల్ ప్రాంతమున, ఒక పశువుల క్షేత్రములో ఏవో శకలములు దొరకెను. ఎగిరే పళ్ళెము చిక్కినదని 8వ తేదీన అచ్చటి సైనికులే ప్రకటించిరి. కొద్ది గంటలలోనే పై అధికారులు, అది వాతావరణ పరిశోధనకై వదలిన బెలూను మాత్రమే యనిరి. నలుబదియేడేండ్ల పిదప, 1994లో, వైమానికదళము మరొక వివరణ మిచ్చెను: సోవియట్ అణుపరీక్షలను దూరమునుండియే పసికట్టుటకై రహస్యముగా పంపిన ‘మోగల్’ బెలూనుల శకలములు అవి అయియుండునట. నమ్మదగిన మాటయే. కాని రెండుమారులు మాట మార్చినవాని మూడవమాట నెవరు నమ్ముదురు?

ఇంతకంటె నన్ను కలచివేసినది యూ-2 విమానపు వృత్తాంతము. 1955లో తొలిసారి ఎగిరిన ఈ గూఢచారి విమానము 60,000 అడుగులకు పైగా పోగలిగెడిది. నాటి ప్రయాణికుల విమానములు చాలవరకు 20,000 అడుగులు దాటెడివి కావు. సంధ్యవేళ క్రింద చీకటి క్రమ్మినను, అంత ఎత్తున ఎండ సోకి దాని వెండిరెక్కలు నిప్పువలె మెరసెడివి. చూచిన పైలట్లు తాము చూచినది చూచినట్లు వ్రాసి పంపిరి. సంగతి తెలిసిన అధికారులు మంచుపలుకులనియు, గాలిపొరలలో వేడిమి తారుమారగుట యనియు సమాధానములు చెప్పించిరి. దీనిని 1997లో ప్రకటితమైన సి.ఐ.ఏ. చరిత్రవ్యాసమే ఒప్పుకొన్నది. ఆ జాబులు టైపు చేసిన గుమాస్తా ఎవరో గాని, నేను వానినిగూర్చి తరచు తలపోయుదును.

1952 నుండి 1969 వరకు ‘బ్లూ బుక్’ అను పేర విచారణ సాగెను. 12,618 ఉదంతములలో 701 తేలకయే మిగిలెను. 2023 జూలైలో డేవిడ్ గ్రష్ అను మాజీ గూఢచార అధికారి, ప్రభుత్వము అన్యలోక వాహనములను దాచినదని కాంగ్రెసు సభ్యుల యెదుట ప్రమాణపూర్వకముగా పలికెను. తాను స్వయముగా చూచి కాదు, ఇతరులు చెప్పగా వినియే. ఆ యేటి డిసెంబరులో ఇట్టి కాగితములను జాతీయ పత్రభాండాగారమున చేర్పవలెనని శాసనమైనది. 2024 మార్చిలో రక్షణశాఖ, అన్యలోక వాహనములకు ఆధార మేదియు లేదని నివేదించెను. అది నిజమే కావచ్చును. నిజము చెప్పుడని కోరువారిలోను, తాము తలచిన నిజమునే చెప్పవలెనని పట్టుబట్టువారు లేకపోలేదు. అయినను వారి అవిశ్వాసమున కంతకును వారే కర్తలా?

మన 2005 సమాచారహక్కు చట్టములో నాకు నచ్చిన అంశ మొకటి కలదు. దేశరక్షణకు భంగకరమగు సంగతిని ‘చెప్పము’ అనవచ్చును; కారణము మాత్రము తెలుపవలెను. తెలిసి తెలిసి తప్పు సమాచార మిచ్చిన అధికారికి 25,000 రూపాయలవరకు జరిమానా.

నా ఉద్యోగపు తొలినాళ్ళలో ఈ చట్టము లేదు. ఒక వృద్ధుడు తన పింఛను కాగితములకై వ్రాసెను. అవి వానలో తడిసి ముద్దయి పోయినవి. ‘పరిశీలనలో నున్నవి’ అని వ్రాయుమని పైవారనిరి. మూడుమారు లట్లే వ్రాసితిని. నాలుగవమారు ఆయనయే వచ్చి నా బల్లముందు నిలువగా, ఉండలేక, ఉన్నమాట చెప్పితిని. ఆయన నమ్మలేదు. ఎవరెంత ఇచ్చి ఆ కాగితములను దాచించిరో చెప్పుమని నన్నే అడిగెను.