మగరాయుడు

మొన్న ఆదివారం అతనూ నేనూ వరంగల్ కోటకి వెళ్లాం. 1323లో తుగ్లక్ సేనలు పట్టుకున్న కోట. శివాలయం నేలమట్టమైంది, నాలుగు దిక్కులా తోరణాలు మాత్రం నిలబడి ఉన్నాయి. విరిగిన శిల్పాల మధ్య నడుస్తూ అతను, "రుద్రమ మగాడిలా ఏలింది కదా!" అన్నాడు మెచ్చుకోలుగా.

నాకు చురుక్కుమంది. పిహెచ్.డి. రోజుల్లో మా గైడు "నువ్వు మగరాయుడిలా పనిచేస్తావమ్మా" అంటే పొంగిపోయి, ఇంటికొచ్చి ఇతనికే చెప్పుకున్నాను.

తండ్రి మొదలుపెట్టిన రాతికోటని పూర్తిచేసింది రుద్రమే. అయినా శాసనాల్లో ఆమె 'రుద్రదేవ మహారాజు'. ఆడపేరుతో ఆజ్ఞాపిస్తే సామంతులు వినేవారు కాదేమో. రాజ్యం నిలుపుకోవడానికి ఆమె చెల్లించిన మూల్యం అది. మరి నేను? నన్నెవరూ బలవంతపెట్టలేదు. తక్కిన ఆడవాళ్లని తక్కువ చేస్తేనే నాకు దక్కే పొగడ్త అది. తెలిసీ పుచ్చుకున్నాను.

"మగాడిలా కాదు. ఏలింది, అంతే" అన్నాను.

"మీ గైడు అన్నప్పుడు ఇద్దరం సంతోషించాంగా?" అన్నాడతను. ఎగతాళి కాదు, నిజంగానే అడిగాడు.

జవాబు చెప్పలేకపోయాను. కిందటేడు బాగా చదివే నా విద్యార్థినితో నేనూ అదే మాట అన్నాను. ఆమె ముఖం వెలిగిపోయింది. ఆ వెలుగుని ఇప్పుడెలా వెనక్కి తీసుకోను?