సాక్షికి సాక్షి ఎవరు?

కార్తీకం వెళ్లి మార్గశిరం వచ్చేసరికి కృష్ణా డెల్టా రైతుకు ఒక కన్ను పండిన చేను మీద, ఇంకో కన్ను బంగాళాఖాతం మీద ఉంటుంది. 2023 డిసెంబరు 5న మిచాంగ్ తుపాను బాపట్ల దగ్గర తీరం దాటినప్పుడు నీళ్లలో నానిన పనలను ఇక్కడ ఎవరూ మర్చిపోలేదు. అలాంటి రోజుల్లో చల్లపల్లి దాటి అవనిగడ్డ వైపు వెళ్లే రోడ్డు పక్క చేలో వరికోత మిషన్ సగం మడిలో ఆగిందంటే పది నిమిషాల్లో పదిమంది పోగవుతారు. అది చైన్ మిషన్. తడి ఆరని మాగాణిలో టైర్ల బండి దిగబడిపోతుంది. కోతకు ముందే చల్లిన మినుము కింద మొలకెత్తి ఉంది కాబట్టి బండిని అటూ ఇటూ తిప్పి చూడ్డానికీ లేదు. డ్రైవరు ముందు డ్యాష్‌బోర్డు మీద ఎర్ర లైటు వెలుగుతోంది. నీటి అలల్లో నిలబెట్టిన థర్మామీటర్ బొమ్మ అది. ఇంజను వేడెక్కిందని అర్థం.

"సెన్సరు పోయిందన్నా, ఇంజను బానే ఉంది. డైరెక్ట్ చేసెయ్, పొద్దుగూకేసరికి మడి అయిపోద్ది" అంటాడు డ్రైవరు.

"ఉండు తమ్ముడూ, ముందు దాన్నే అడుగుదాం" అంటాడు విజయవాడ ఆటోనగర్ నుంచి వచ్చిన మెకానిక్, స్కానర్ కేబుల్ విప్పుతూ.

సీజన్‌లో డెల్టా అంతటా ఏదో ఒక మడిలో రోజూ జరిగే మాటే ఇది. ఇంజనుకు జబ్బు చేసిందా, జబ్బు చేసిందని చెప్పేదానికే జబ్బు చేసిందా? పాతకాలం మెకానిక్‌కు ఈ బెడద తక్కువ. చెయ్యి పెట్టి చూసేవాడు, చెవి ఒగ్గి వినేవాడు, పొగ రంగు చూసి చెప్పేవాడు. ఇప్పుడు 50 హార్స్‌పవర్ దాటిన ట్రాక్టర్లకు 2023 జనవరి నుంచి ట్రెమ్-4 ఉద్గార నిబంధనలు వచ్చాయి. వాటితో పాటు కామన్ రైల్ ఇంజన్లు, కంప్యూటర్ డబ్బాలు, డజన్ల కొద్దీ సెన్సర్లూ పొలంలోకి దిగాయి. రిపేరు పనిలో పెద్ద భాగం ఇప్పుడు ఇనుముతో కాదు, సాక్ష్యంతో. ఎవరు చెప్పింది నమ్మాలి, ఎందుకు నమ్మాలి అన్నది తేల్చాకే పానా బయటికి వస్తుంది.

తెలుగులో దీనికి పనికొచ్చే మాట ఒకటుంది, అదీ మూడు అర్థాలతో. ప్రమాణం. కాణిపాకం వినాయకుడి ముందు నిలబడి చేసేది ప్రమాణం. తూకాలకూ కొలతలకూ ఢిల్లీలో నిలిపి ఉంచేది ప్రమాణం. తర్కశాస్త్రంలో నిజమైన జ్ఞానం కలిగించే సాధనం కూడా ప్రమాణమే. ఒట్టు, కొలత, తెలివిడి ఒకే మాటలో ఇమిడిపోయాయి. మెకానిక్ స్కానర్ పెట్టి అడిగేది ఈ మూడింటినీ.

స్కానర్ తెర మీద రెండు అంకెలు పడతాయి. మొదటిది ఎస్‌పీఎన్, ఏ విషయం గురించి ఫిర్యాదో చెబుతుంది. జె1939 అనే ప్రమాణం ప్రకారం 110 అంటే ఇంజను చల్లబరిచే నీటి వేడి. రెండోది ఎఫ్ఎంఐ, ఫిర్యాదు ఎలాంటిదో చెబుతుంది. అసలు సొగసు ఇక్కడే ఉంది. రెండో అంకె 0 పడితే "సమాచారం నమ్మదగినదే, వేడి మాత్రం హద్దు మీరింది" అని అర్థం. 3 పడితే వోల్టేజీ ఉండాల్సిన దానికన్నా ఎక్కువ, 4 పడితే తక్కువ. అంటే వేడి సంగతి తర్వాత, చెప్పేవాడి గొంతే పట్టేసిందని. ఎక్కడో ఎలుక వైరు కొరికింది, లేదా కప్లర్‌లో చిలుము పట్టింది. రోగం వేరు, రోగం చెప్పేవాడి రోగం వేరు అని ఇంజనీర్లు ముందే ఒప్పుకుని, రెంటికీ వేరువేరు అంకెలిచ్చారు.

ఇంకో చిన్న ఏర్పాటు చూడండి. ఒత్తిడి కొలిచే సెన్సర్లకు సాధారణంగా 5 వోల్టులు ఇస్తారు. కానీ జవాబు 0 నుంచి మొదలుకాదు, దాదాపు 0.5 దగ్గర మొదలై 4.5 దగ్గర ఆగుతుంది. ఒత్తిడి అసలు లేకపోయినా సెన్సరు అర వోల్టు పలుకుతుంది. నిజంగా సున్నా వచ్చిందంటే "ఒత్తిడి లేదు" అని కాదు, "నేనే లేను" అని. లేమిని చెప్పడానికి కూడా సాక్షి బతికుండాలి. మీమాంసకులు 'అనుపలబ్ధి' పేరుతో చర్చించింది అచ్చంగా ఇదే. నేల మీద కుండ లేదని చెప్పాలంటే, ఉంటే కనిపించి తీరేంత వెలుతురు ఉండాలి. చీకటి గదిలో కుండ కనపడలేదు కాబట్టి కుండ లేదంటే ఎవరూ ఒప్పుకోరు. ఆ వెలుతురే అర వోల్టు.

17వ శతాబ్దపు తెలుగు పండితుడు అన్నంభట్టు రాసిన తర్కసంగ్రహం దేశమంతటా తర్కానికి తొలి వాచకమైంది. కొండ మీద పొగ కనిపిస్తే నిప్పుందని ఎలా చెబుతామన్నది అందులో పిల్లలకు నేర్పే పాఠం. తిరగేసి, నిప్పుంది కాబట్టి పొగ ఉందంటే మాత్రం చెల్లదు. ఎర్రగా కాలిన ఇనుప గోళంలో నిప్పుంటుంది, పొగ ఉండదు. పొగ రావాలంటే పచ్చికట్టె కూడా కావాలి. ఈ పచ్చికట్టెను 'ఉపాధి' అన్నారు. లైటు వెలిగితే వేడెక్కిందనుకోవడం సరే అనుకున్నా, వెలగలేదు కాబట్టి చల్లగా ఉందనుకునే డ్రైవరు పచ్చికట్టెను మర్చిపోయినట్టు. సెన్సరు, వైరు, కప్లర్, ఫ్యూజు, లైటు, ఇవన్నీ బాగుంటేనే వేడి లైటుగా మారుతుంది.

ఇక అసలు చిక్కు. మెకానిక్ మల్టీమీటర్ తీసి సెన్సరును పరీక్షిస్తాడు. మల్టీమీటర్ సరైనదేనని ఎవరు చెప్పారు?

ఈ ప్రశ్న మొదట అడిగిన వాళ్లలో ఒకరిని సంప్రదాయం ఈ కృష్ణా లోయకే చెందినవాడంటుంది. విజయవాడ నుంచి గుంటూరు వెళ్లే దారిలో, నంబూరు దగ్గర, 1976లో మొదలైన విశ్వవిద్యాలయానికి ఆయన పేరే. ఆచార్య నాగార్జునుడు, దాదాపు 1,800 ఏళ్ల కిందటి మనిషి. 'విగ్రహవ్యావర్తని' అనే చిన్న గ్రంథంలో ఆయన తార్కికులను నిలదీశాడు. వస్తువులను ప్రమాణాలు నిరూపిస్తాయి సరే, ప్రమాణాలను ఏవి నిరూపిస్తాయి? ఇంకో ప్రమాణమంటే దానికి మరొకటి కావాలి, ఆ వరసకు అంతులేదు. తమను తామే నిరూపించుకుంటాయంటే, దీపం తనను తాను వెలిగించుకుంటుందన్నట్టే. దీపానికి ముందు చీకటి పట్టి ఉంటేనే కదా వెలిగించుకునేది! నిప్పు తనను తాను వెలిగించుకునేదైతే తనను తాను కాల్చుకోవాలి కూడా. ఈ గ్రంథం సంస్కృత ప్రతి మన దగ్గర మిగల్లేదు. 1930లలో రాహుల్ సాంకృత్యాయన్‌కు టిబెట్ మఠంలో దొరికింది. నాగార్జునుడి పేరు మోస్తున్న నాగార్జునకొండ లోయ సాగర్ జలాశయం అడుగున ఉంది. ఆ నీళ్లే కిందికి దిగి పులిచింతల దాటి, 1957లో కట్టిన ప్రకాశం బ్యారేజీ దగ్గర కాలువల్లోకి మళ్లి దివిసీమ వరి మళ్లకు చేరతాయి. దీన్ని పెద్ద సంకేతంగా చూడాల్సిన పని లేదు. నీరు పల్లమెరుగును, అంతే.

నాగార్జునుడి ప్రశ్నకు తార్కికుల న్యాయసూత్రాల్లో ఒక జవాబుంది, అది ఏ దుకాణదారుకైనా తెలిసిందే. బంగారం తూచే తక్కెడను ఇంకో రోజు బరువు తెలిసిన బంగారంతో సరిచూస్తాం. ఇవాళ కొలిచేది రేపు కొలవబడేది కావచ్చు, అందులో దోషమేమీ లేదన్నారు. ఆటోనగర్‌లో జరిగేది కూడా ఇదే. మీటర్ మీద అనుమానం వస్తే పక్క కొట్టులో మీటర్ తెచ్చి పక్కన పెడతారు. రెండూ ఒకే మాట చెబితే సరే, తేడా వస్తే మూడోది. కంప్యూటర్ డబ్బాల మధ్య మాటలు మోసే కాన్ వైర్లు రెండూ పురి పెట్టి ఉంటాయి. 1986లో బాష్ కంపెనీ బయటపెట్టిన పద్ధతి అది. చెరో చివర 120 ఓంల రెసిస్టర్ ఉంటుంది కాబట్టి మధ్యలో కొలిస్తే 60 రావాలి. 120 వస్తే ఒక పక్క తెగిందని మీటర్ చెప్పకనే చెబుతుంది. ఇక్కడ మీటర్‌ను వైర్లు పరీక్షిస్తున్నాయా, వైర్లను మీటరా అని అడిగితే మెకానిక్ నవ్వి ఊరుకుంటాడు.

ప్రశ్న మాత్రం చావలేదు. పక్క కొట్టు మీటర్‌ను కాలిబ్రేషన్ ల్యాబు చూస్తుంది, ల్యాబును ఢిల్లీలోని జాతీయ భౌతిక ప్రయోగశాల చూస్తుంది. దాని పైన? కిలోగ్రాము సంగతే తీసుకుంటే, 1889 నుంచి పారిస్ పక్కన సెవ్ర్‌లో ఒక లోహపు దిమ్మెను దాచి అదే కిలో అన్నారు. మన దేశానికి 57వ నంబరు నకలు వచ్చింది. వందేళ్లు గడిచాక తూచి చూస్తే అసలుకూ చాలా నకళ్లకూ మధ్య దాదాపు 50 మైక్రోగ్రాముల తేడా. అసలు తగ్గిందా, నకళ్లు పెరిగాయా? చెప్పడానికి దారే లేదు, ఎందుకంటే కిలో అంటేనే ఆ దిమ్మె. ప్రపంచంలోకెల్లా కట్టుదిట్టమైన గదిలోనూ చల్లపల్లి మడిలో ప్రశ్నే ఎదురైంది. చివరికి 2019 మే 20న దిమ్మెను పక్కనపెట్టి, ప్లాంక్ స్థిరాంకానికి ఒక విలువ ఇదీ అని ఖాయం చేసి, దాని మీద కిలోను నిలబెట్టారు. అంటే వరసను ఎక్కడో ఒకచోట ఆపుదామని అందరూ కూర్చుని ఒప్పందానికి వచ్చారు. నాగార్జునుడు వింటే, నేను చెప్పిందీ అదేగా అని ఉండేవాడు. ప్రమాణాలు వట్టివని ఆయన అనలేదు, వాటికి సొంత పునాది లేదన్నాడు. పునాది లేని దాని మీద కూడా జాగ్రత్తగా నడవొచ్చు. డెల్టా ఒండ్రు మీద ఇళ్లు కట్టుకున్న వాళ్లకు అది వేరే చెప్పాలా!

ఇప్పుడు ఆ డ్రైవరు మాట. "డైరెక్ట్ చేసెయ్." సెన్సరు ఊడబీకి, రెండు కొసలు కలిపో, మధ్యలో ఒక రెసిస్టర్ పెట్టో, అంతా బాగుందని కంప్యూటర్‌ను నమ్మించడం. సీటు మీద మనిషి లేకపోతే కత్తెర ఆపేసే స్విచ్చును కూడా ఇలాగే కట్టేస్తుంటారు. తుపాను ముంచుకొస్తుంటే ఆ తొందర అర్థం కానిది కాదు. కానీ అది సాక్షి నోరు నొక్కడమే. నన్నయ ఆదిపర్వంలో అగ్నికి జరిగింది ఇదే. భృగుమహర్షి భార్య పులోమ ఎవరికి చెందినదని రాక్షసుడు అడిగాడు. అబద్ధమాడితే పాపం, నిజం చెబితే ముని కోపం. అగ్ని నిజమే చెప్పాడు. భృగువు అగ్నిని శపించాడు, సర్వభక్షకుడివి కమ్మని. అప్పుడు అగ్ని ఎదురు తిట్టలేదు, తనను తాను ఉపసంహరించుకున్నాడు. లోకంలో హోమాలు ఆగిపోయాయి, బ్రహ్మే అతన్ని పిలిపించి బుజ్జగించాల్సి వచ్చింది. నిజం చెప్పిన సాక్షిని శిక్షిస్తే అది తిరగబడదు, మాట్లాడటం మానేస్తుంది. పనులు ఆగాక గానీ తెలియదు.

గనుల్లో ఈ మౌనం ఖరీదు మరీ ఎక్కువ. భూగర్భ గనిలో గాలిలో మీథేన్ 1.25 శాతం దాటితే అక్కడ కరెంటు ఆపేయాలని మన గనుల నిబంధన. ఆ అంకెను చూసే సెన్సరు ధూళికీ తేమకూ మందగిస్తుంది. అందుకే ఇంత శాతమని ముందే తెలిసిన వాయువును సీసాలోంచి దానికి చూపించి, సరిగ్గా అంతే చెబుతోందా అని పరీక్షిస్తారు. తెలిసిన జవాబుతో అడిగే ప్రశ్న అది, కోర్టులో లాయరు అడిగినట్టు.

ఇంకో రకం మౌనం కొత్తగా వచ్చింది. నిజం తెలిసి, ఉన్నది ఉన్నట్టు చెప్పాలన్న కోరిక కూడా ఉన్నవాడే ఆప్తుడు, అతని మాటే శబ్దప్రమాణమని న్యాయదర్శనం చెప్పింది. ఇప్పటి యంత్రానికి తెలుసు, చెప్పాలన్న కోరిక మాత్రం కంపెనీ పాస్‌వర్డ్ చేతిలో ఉంది. సొంత స్కానర్‌తో కోడ్ చదవగలిగినా కొన్ని సెట్టింగులు తెరవలేక మెకానిక్ చేతులు కట్టుకునే రోజులున్నాయి. మన వినియోగదారుల శాఖ 2022 జులైలో రిపేరు హక్కు మీద కమిటీ వేసినప్పుడు వ్యవసాయ పరికరాలను కూడా జాబితాలో చేర్చింది. అమెరికాలోని కొలరాడో రైతులకు 2024 జనవరి నుంచి ఆ హక్కు చట్టమైంది. తన బండి తన గురించి ఏం చెబుతోందో వినే హక్కు రైతుకు లేకపోతే ఆ సాక్ష్యం ఎవరి కోసమో అడగాల్సిందే.

మళ్లీ మడిలోకి. తెరమీద 110, పక్కన 0. సాక్షి తన మాట నిజమంటోంది, డ్రైవరు నమ్మడం లేదు. మెకానిక్ సెన్సరు విప్పి, కారుతున్న రంధ్రంలో గుడ్డ కుక్కి, దాన్ని జేబులో వేసుకుని కరకట్ట మీది టీ కొట్టుకు నడిచాడు. వేడి పెరిగేకొద్దీ దాని రెసిస్టెన్స్ తగ్గాలి. మామూలు వేడిలో కిలో ఓంలలో ఉండేది మరిగే నీళ్లలో వందల్లోకి రావాలి. నీరు 100 డిగ్రీల దగ్గర మరిగేది సముద్రమట్టం దగ్గర. ఆ లెక్కన డెల్టాలో ప్రతి టీ కొట్టూ ఒక ప్రయోగశాలే. గిన్నెలో నీళ్లు తెర్లుతున్నాయి. దారం కట్టి ముంచాడు. మీటర్‌లో అంకెలు జారుకుంటూ వందల్లోకి వచ్చి నిలిచాయి.

"నిజమే చెబుతోంది తమ్ముడూ."

తిరిగొచ్చి రేడియేటర్ జల్లెడ ఊడదీస్తే అరచెయ్యి మందాన పొట్టు, దుమ్ము, మగ్గిన గడ్డి. గాలి ఎక్కడికి పోతుంది! కొబ్బరి పీచు బ్రష్‌తో దులిపి, సెన్సరు బిగించి, కారిపోయిన నీరు నింపి తాళం సగం తిప్పమన్నాడు. ఇంజను మొదలవకముందే డ్యాష్‌బోర్డు మీద లైట్లన్నీ రెండు క్షణాలు ఒక్కసారిగా వెలుగుతాయి. తాము బతికే ఉన్నామని అవి చేసే ప్రమాణం అది. డ్రైవరు చూపు థర్మామీటర్ బొమ్మ మీదే ఉంది. అది వెలిగి ఆరింది, వాడి మొహం విప్పారింది.

మెకానిక్ మాత్రం దాని పక్కకు చూస్తున్నాడు. నూనె డబ్బా బొమ్మ అసలు వెలగనే లేదు. "మళ్లీ తిప్పు" అన్నాడు, మీటర్ తీగలు సర్దుకుంటూ.