కోడలి కాలు, కెరోటిన్ మాత్ర

"కోడలు అడుగుపెట్టింది, ఆర్నెల్లకే మామ మంచం పట్టాడు" అనే మాట మన ఇళ్ళలో ఇంకా వినబడుతూనే ఉంది. ఆ మాట పట్టుకుని పిల్లను పుట్టింటికి పంపినవారూ ఉన్నారు. ఒకదాని వెంట ఒకటి జరిగింది, నిజమే. మొదటిది రెండవదానికి కారణమనడం వేరు. చదువులేనివారి మాట అని నవ్వుకోకండి. అంకెలు చేతబట్టుకున్న పండితులూ ఈ దారినే పోయారు.

కూరగాయలు బాగా తినేవారిలో, రక్తంలో బీటా కెరోటిన్ ఎక్కువగా ఉన్నవారిలో ఊపిరితిత్తుల క్యాన్సర్ తక్కువని పాశ్చాత్య దేశాలలో అనేక అధ్యయనాలు చూపాయి. క్యారెట్టుకు రంగునిచ్చే పదార్థం అది. అయితే దానినే మాత్రగా చేసి ఇస్తే సరిపోదా? ఫిన్లాండ్‌లో పొగత్రాగే పురుషులను 29,133 మందిని తీసుకుని, చీట్లు వేసినట్లు విడదీసి, కొందరికి ఆ మాత్ర, కొందరికి మందులేని ఉత్తుత్తి మాత్ర ఏళ్ళ తరబడి ఇచ్చారు. 1994లో ఫలితం వెలువడింది. కెరోటిన్ మింగినవారిలోనే ఆ క్యాన్సర్ 18 శాతం ఎక్కువ! అమెరికాలో ఇటువంటి పరీక్షనే 1996లో గడువుకు ముందే ఆపివేశారు.

మరి మొదటి అంకెలు అబద్ధాలా? కావు. కూరగాయలు ఇష్టపడే మనిషి పొగ తక్కువ త్రాగుతాడేమో. ఆ కూరల్లో మరేదో మేలు ఉందేమో. కెరోటిన్ ఆ జీవితానికి గుర్తు మాత్రమే కావచ్చు. గుర్తును మ్రింగిస్తే జీవితం మారదు. ఉన్నదానిని చూడటం ఒకటి, మనం చేయి పెట్టి మార్చడం మరొకటి. చీట్లు వేయడంలోని కిటుకు ఇదే: మాత్ర ఎవరికో వారి అలవాటు నిర్ణయించదు.

కంటికి కనబడేది వరుస మాత్రమే, కారణం కాదని డేవిడ్ హ్యూమ్ 18వ శతాబ్దంలోనే అన్నాడు. సెమినరీలో ఆయనను ఖండించడానికే చదివేవాళ్ళం! ఆయన సంశయమంతా ఇప్పటికీ ఒప్పుకోను. కారణాలున్నాయి, వెదకితే దొరుకుతాయి.

"అయితే పొగాకు క్యాన్సర్ తెస్తుందని ఎలా అంటారు? చీటి వేసి ఎవరిచేతా సిగరెట్టు త్రాగించలేదు కదా?" అని మీరడగవచ్చు. న్యాయమైన ప్రశ్నే. 1950లో డాల్, హిల్ లెక్కలు చూపారు. పుట్టుకతో వచ్చే ఏదో గుణమే సిగరెట్టునూ రోగాన్నీ కలిపి తెస్తుందేమోనని తరువాత ఫిషర్ అనే గొప్ప గణాంకవేత్త అడ్డుతగిలాడు. ఆయన నోరు మూయించలేదు; అడిగినదానిని పరీక్షించారు. ఎక్కువ త్రాగినవారికి ప్రమాదం ఎక్కువ, మానినవారికి క్రమంగా తక్కువ. పొగలోని రసాయనాలు కణాలను ఎలా చెరుపుతాయో కూడా తెలిసింది. ఇతర వివరణలు ఒక్కొక్కటే కూలాక గాని తీర్పు స్థిరపడలేదు. కోడలికి ఆపాటి విచారణ ఏ ఇంట జరిగింది?