ఊ కొడితే ఒప్పుకున్నట్టేనా?

పళ్ల డాక్టరు కావాలనుకునే విద్యార్థులు మొదట బొమ్మ దవడల మీద సాధన చేస్తారు. బి.డి.ఎస్. మూడో ఏడు నుంచి మనుషుల నోళ్లలో చెయ్యి పెడతారు. నాలుగేళ్ల చదువయ్యాక ఒక ఏడాది హౌస్ సర్జన్లుగా పనిచేస్తారు. ఇన్ని పళ్లు తీయాలి, ఇన్ని పుప్పిపళ్లు నింపాలి అని కాలేజీలో వాళ్లకొక లెక్క ఉంటుంది. ఆ లెక్క ఎవరి నోళ్లతో నిండుతోంది? డబ్బు పెట్టి నచ్చిన డాక్టరు దగ్గరికి వెళ్లగలిగేవాళ్లు అక్కడికి రారు. తక్కువ ఖర్చని వచ్చే కూలీలు, బస్సు దిగి వచ్చే మా గూడేలవాళ్లే ఆ కుర్చీలో ఎక్కువగా కూర్చుంటారు. ఇది న్యాయమేనా?

నేర్చుకునేవాళ్లు మమ్మల్ని ముట్టుకోవద్దని మేము అనం. ఉపాధ్యాయులమైన మేము అసలే అనలేం. ట్రైనింగు రోజుల్లో మేము పాఠం చెప్పడం నేర్చుకున్నది సర్కారు బడి పిల్లల దగ్గరే. రేపు మా పిల్లలు పళ్ల డాక్టర్లు కావాలన్నా ఎవరో ఒకరు నోరు తెరవాలి. అయితే నేర్పే మనిషికి నేర్చుకునేవాళ్లు బాకీ పడతారు. ఆ బాకీలో మొదటిది నిజం చెప్పడం. "అమ్మా, నేను ఇంకా నేర్చుకుంటున్నాను. పెద్ద డాక్టరుగారు పక్కనే ఉంటారు. మీకు ఇష్టం లేకపోతే ఆయనే చేస్తారు" అని ముందుగా చెప్పాలి. ఆ పెద్ద డాక్టరు నిజంగా పక్కనుండాలి. వద్దన్నందుకు ఆమెను వరుసలో వెనక్కి నెట్టకూడదు.

"మేము చెప్పాం, ఆమె ఊ అంది" అంటారు కొందరు. మా దగ్గర ఊ కొట్టడమంటే వింటున్నామని అర్థం. కథ చెప్పేవాళ్లకు రాత్రంతా ఊ కొడతాం. అంతమాత్రాన కథంతా నమ్మినట్టు కాదు. తెల్లకోటు ముందు ఆ ఊలో భయముంటుంది, మర్యాద ఉంటుంది, తెలుగు సగమే అర్థం కావడమూ ఉంటుంది. తరగతిలో "అర్థమైందా?" అని అడిగితే పిల్లలంతా "అయింది సార్" అంటారు. తిరిగి చెప్పించుకుంటే గాని అసలు సంగతి తెలియదు. రోగి దగ్గరా అదే పద్ధతి పాటించాలి. ఏ పన్ను తీస్తారో, ఎందుకు తీస్తారో ఆమె నోటితో చెప్పించుకోవాలి. అవసరమైతే ఆమె భాష తెలిసినవాళ్లను పిలవాలి.

పరీక్షకు ఇచ్చిన అనుమతి చికిత్సకు చెల్లదని, ప్రాణాపాయం ఉన్నప్పుడు తప్ప వేరే చికిత్సకు మళ్లీ అడగాల్సిందేనని 2008లో సమీరా కోహ్లీ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. పన్ను చూడమని నోరు తెరిచిన మనిషి పీకమని తెరిచినట్టు కాదు.

పళ్ల వైద్యంలో ఇంకో చిక్కుంది. మాట వచ్చే చోటే డాక్టరు చెయ్యి ఉంటుంది. మధ్యలో వద్దనాలన్నా నోరు ఖాళీగా ఉండదు. అందుకే "బాధనిపిస్తే ఎడమ చెయ్యి ఎత్తండి, ఆపేస్తాను" అని ముందే ఒప్పందం చేసుకోవాలి. చెయ్యి ఎత్తితే నిజంగా ఆపాలి. మత్తు సూది ఇచ్చాక నొక్కినట్టు, లాగినట్టు తెలుస్తుందనీ, నొప్పి మాత్రం తెలియకూడదనీ చెబితే సగం భయం పోతుంది. బి.పి., షుగరు, రక్తం పలచబడే మందుల గురించి అడిగినట్టే మా వాళ్లను సికిల్ సెల్ గురించీ అడగాలి. ఆ జబ్బున్నవాళ్లకు ఇన్ఫెక్షన్ వచ్చినా, ఒంట్లో నీరు తగ్గినా తీవ్రమైన నొప్పులు మొదలుకావచ్చు. పన్ను తీశాక దూదిని అరగంట పైన కరిచి పట్టుకోవాలనీ, ఆ రోజు పుక్కిలించకూడదనీ, ఉమ్మకూడదనీ, చుట్ట కాల్చకూడదనీ చెప్పాలి. రాత్రి రక్తం ఆగకపోతే ఎక్కడికి వెళ్లాలో కూడా చెప్పి పంపాలి. మా ఊళ్లకు రాత్రిపూట బస్సులుండవు.

"వీళ్లు మళ్లీ రారు, పీకేయడమే మేలు" అనే మాటా మేము వింటుంటాం. పన్ను నిలబెట్టాలంటే నాలుగైదుసార్లు రావలసి రావచ్చు. పోడు పని వదిలి అన్నిసార్లు రావడం కష్టమే. కానీ ఆ కష్టం పడాలో, పన్ను వదులుకోవాలో తేల్చుకోవలసింది ఆ పన్ను ఉన్న మనిషి. రెండు దారులూ, వాటి ఖర్చూ ముందుపెట్టి అడిగితే కొందరు పీకమంటారు, కొందరు వస్తామంటారు. అడగకుండా పీకేస్తే వాళ్లు ఏమనేవాళ్లో ఎవరికీ తెలియదు.

నేర్చుకుంటున్నామని చెబితే రోగి భయపడి వాచిన దవడతోనే వెళ్లిపోతారేమో అని అడగవచ్చు. కొందరు వెళ్లవచ్చు. వాళ్ల కోసమే పెద్ద డాక్టరు పక్కనుండాలి, ఆ పని తాను చేయాలి. భయపడతారని దాచిపెట్టడం మొదలుపెడితే ఎవరికి నిజం చెప్పాలో, ఎవరికి అక్కర్లేదో డాక్టరే నిర్ణయించుకుంటాడు. అలా చెప్పకుండా వదిలేసేవాళ్లలో మేమే ముందుంటాం. ఆసుపత్రిలోనే కాదు, భూమి దగ్గరా, అడవి దగ్గరా మాకు జరిగింది అదే. మా వేలిముద్రకు ముందు మా మాట వినమని ఎప్పటినుంచో అడుగుతున్నాం. పళ్ల కుర్చీ దగ్గరా అడిగేది అంతే.