ఎవరు గెలుతురు?



2024వ సంవత్సరము అక్టోబరు మాసములో ఒక ఆదివారము, ఆరాధన ముగిసిన పిమ్మట, మా సంఘములోని ఒక తల్లి నాయొద్దకు వచ్చి, "అయ్యగారూ, అమెరికాల ఎవరు గెలుస్తరు?" అని అడిగెను. ఆమె పత్తి చేలలో కూలిపని చేసి కుమారుని చదివించినది. అతడు హెచ్-1బి వీసామీద టెక్సాసులో ఉద్యోగము చేయుచున్నాడు. పోటీ గట్టిగా నున్నదని పత్రికలు వ్రాయుచుండెను. అయినను ఆమె ముఖములోని దిగులు చూచి, ధైర్యము చెప్పవలెనను తలంపుతో, "కమలా హారిస్‌గారే గెలుతురమ్మా, నీవు భయపడవద్దు" అంటిని. ఆమె నెమ్మది పొంది ఇంటికి వెళ్లెను.

నవంబరు 5వ తేదీన ఎన్నిక జరిగెను. మొత్తము 538 ఎలక్టోరల్ ఓట్లలో డొనాల్డ్ ట్రంప్‌గారికి 312, హారిస్‌గారికి 226 వచ్చెను. తరువాతి ఆదివారము ఆ తల్లి నన్ను నిందింపలేదు. "మీకు దేవుడు చెప్పిండనుకున్న అయ్యగారూ" అని మాత్రము అనెను. నేను చెప్పినది నా ఊహ; ఆమె వినినది దేవుని మాట. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. ఎన్నికలో ఎవరు నిలుతురో, ఎవరు గెలుతురో ముందుగా చెప్పుట తప్పా? తప్పయినచో ఆ తప్పు ఎక్కడ నున్నది?

అంచనా వేయుటయే పాపమని నేను తలంచను. లూకా సువార్త 12వ అధ్యాయములో ప్రభువు జనసమూహముతో మాటలాడుచు, పడమటి మబ్బును చూచి వానయనియు, దక్షిణపు గాలిని చూచి వేడియనియు వారు ముందుగా చెప్పుకొను సంగతి ఎత్తిచూపెను. వారు చెప్పినట్లే జరుగుచున్నదని కూడ ఆయన ఒప్పుకొనెను. మన రైతు మృగశిర కార్తెలో ఆకాశమువైపు చూచి విత్తనము పెట్టుటయు అట్టిదే. ఎన్నికల లెక్కలు కట్టువారి పనియు అట్టిదే. అది లోకజ్ఞానము. దానికి దాని హద్దులున్నవి.

ఆ హద్దులెట్టివో అమెరికా చరిత్రయే చెప్పుచున్నది. 1936లో లిటరరీ డైజెస్ట్ అను పత్రిక సుమారు కోటి మందికి చీటీలు పంపి, ఇరువది లక్షలకు పైగా జవాబులు తెప్పించుకొని, లాండన్ గెలుచునని ప్రకటించెను. అయితే రూజ్వెల్ట్ 48 రాష్ట్రములలో 46 గెలుచుకొనెను. ఆ పత్రిక చాలవరకు టెలిఫోనులు, మోటారుకార్లు గలవారి పట్టీలనుండి పేర్లు ఎత్తి వ్రాసికొనినది. అవి లేని పేదవాని ఇంటికి చీటీ చేరలేదు. చీటీ చేరియు జవాబు వ్రాయనివారి మనస్సు ఎవరికిని తెలియలేదు. 1948లో ట్రూమన్ ఓడిపోయెనని చికాగో డైలీ ట్రిబ్యూన్ పెద్ద అక్షరములతో అచ్చువేసెను. గెలిచిన ట్రూమన్ ఆ పత్రికను చేతపట్టుకొని నవ్వుచు ఫొటో తీయించుకొనెను. 2016లో హిల్లరీ క్లింటన్‌గారికి ప్రజల ఓట్లు 28 లక్షలకు పైగా ఎక్కువ వచ్చియు ఎలక్టోరల్ ఓట్ల లెక్కలో ఆమె ఓడిపోయిరి. ఇక 2024 ఆరంభములో బైడెన్‌గారే తమ పార్టీ అభ్యర్థియని లోకమంతయు అనుకొనుచుండగా, జూలై 21న ఆయన పోటీనుండి తప్పుకొనిరి. గెలుపు మాట అటుంచి, నిలుచువారెవరో కూడ ఆరు నెలల ముందు తెలియలేదు.

అంతదూరము పోనేల? మన హనుమకొండనే చూడుడు. 1984 డిసెంబరు లోక్‌సభ ఎన్నికలలో కాంగ్రెసు దేశమంతటను 400కు పైగా స్థానములు గెలిచెను. ఇక్కడ ఆ పార్టీ తరఫున నిలిచినవారు పి.వి. నరసింహారావుగారు, నర్సంపేట దగ్గరి లక్నేపల్లిలో పుట్టి, ముఖ్యమంత్రిగాను కేంద్రమంత్రిగాను పనిచేసినవారు. భారతీయ జనతా పార్టీకి దేశము మొత్తములో రెండే స్థానములు వచ్చినవి. ఆ రెండింటిలో ఒకటి మన హనుమకొండ! చందుపట్ల జంగారెడ్డిగారు గెలిచిరి. రాష్ట్రములో తెలుగుదేశము గాలి వీచుచుండిన మాట నిజమే. అయినను దేశమంతటిలో ఆ రెండింటిలో ఒకటి ఇదియే యగునని ఎవరు చెప్పగలరు? ఇక్కడ ఓడిన పి.వి.గారు మహారాష్ట్రలోని రాంటెక్ నుండి గెలిచి లోక్‌సభకు వెళ్లిరి. 1991లో ఆయన పోటీ చేయక, ఢిల్లీ విడిచి వచ్చుటకు సిద్ధపడిరి. మే 21న రాజీవ్ గాంధీగారు హత్య చేయబడిరి. జూన్ 21న పి.వి.గారు ప్రధానమంత్రి యైరి. ఓడునని అనుకొననివారు ఓడిరి. పని ముగిసెననుకొనినవారు దేశమునకు ప్రధానియైరి.

అయితే నా తప్పు నా ఊహ తప్పుటలో లేదు. నేను చెప్పినట్లే జరిగియుండినను అది తప్పే. ఏలయన, ఎరుగని సంగతిని ఎరిగినట్లు చెప్పితిని. అదియు గుడి వాకిట నిలిచి, కాపరి నోటితో చెప్పితిని.

రాజుల మొదటి గ్రంథము 22వ అధ్యాయము చదువుడు. రామోత్గిలాదుమీదికి యుద్ధమునకు పోవచ్చునా అని అహాబు అడిగినప్పుడు నన్నూరుమంది ప్రవక్తలు ఏకముగా జయము చెప్పిరి. మీకాయాను పిలువవచ్చిన దూత, నీవును వారివలెనే మంచిమాట పలుకుమని అతని బ్రతిమాలెను. మీకాయా యెహోవా సెలవిచ్చినదే పలుకుదునని చెప్పి, నిజము పలికి, చెరసాలకు పోయెను. ఆ నన్నూరుమంది రాజు ముఖము చూచి పలికిరి. నేను ఆ తల్లి ముఖము చూచి పలికితిని. వారిది భయమో ఆశయో, నాది జాలి. అయినను రెండును దేవుని పేరును అరువు తెచ్చుకొనిన మాటలే.

2020లో ట్రంప్‌గారు గెలుతురని దేవుడు తమకు బయలుపరచెనని అమెరికాలో కొందరు బోధకులు ప్రకటించిరి. బైడెన్‌గారు 306 ఎలక్టోరల్ ఓట్లతో గెలిచిరి. ఆ బోధకులలో కొందరు బహిరంగముగా క్షమాపణ కోరిరి, కొందరు కోరలేదు. ప్రవక్త పలికినది జరుగనియెడల అది అతని అహంకారపు మాటయే గాని యెహోవా మాట కాదని ద్వితీయోపదేశకాండము 18వ అధ్యాయము బోధించుచున్నది. వారిని గూర్చి చదివినప్పుడు నేను నవ్వితిని. ఇప్పుడు నవ్వలేను.

లూకా సువార్తకు తిరిగి వత్తము. మబ్బును గూర్చి మాటలాడిన పిమ్మట 57వ వచనములో ప్రభువు, ఏది న్యాయమో మీ అంతట మీరే యేల తేల్చుకొనరని వారిని అడిగెను. ఏమి జరుగునో చెప్పగలుగుట ఒకటి, ఏది జరుగవలెనో తెలిసికొనుట మరియొకటి. మన గ్రామములలో ఎన్నికలప్పుడు, "ఓడిపోయెటోనికి ఏసి ఓటు ఎందుకు ఖరాబు చేసుకోవాలె?" అను మాట వినబడుచుండును. గెలుచువాడెవడో ముందు ఊహించి, వానికే ఓటు వేయుట! అప్పుడు మన మనస్సాక్షి పని మనము చేయనట్లే. పోలింగు పూర్తిగా ముగియువరకు ఎగ్జిట్ పోల్స్ ప్రకటింపరాదని మన ప్రజాప్రాతినిధ్య చట్టము 126ఏ సెక్షను నిషేధించుటలో ఈ వివేకమే కలదు. ఇక ఫలితముమీద పందెము కాయువాని సంగతి చెప్పనేల? పొరుగువాని ఓటు వానికి గుఱ్ఱపు పరుగు.

ఆ వారములోనే నేను ఆ తల్లి ఇంటికి వెళ్లి క్షమాపణ అడిగితిని. పిమ్మట మొదటి దినముననే అడుగవలసిన ప్రశ్న అడిగితిని: "అమ్మా, నీ భయమేమి?" కుమారుని చదువుకు చేసిన అప్పు ఇంకను తీరలేదు. వీసా పోయి అతడు తిరిగివచ్చినయెడల ఆ అప్పు ఎట్లు తీరును? ఆమె అడుగవచ్చినది ఇదియే. నేను ఒక పేరు చెప్పి ఆమె నోరు మూసితిని. ఆ ప్రశ్నకు ఆ దినమును నాయొద్ద జవాబు లేదు. ఇద్దరము మోకాళ్లూని ఆ కుమారుని కొరకును, గెలిచినవారి కొరకును, ఓడినవారి కొరకును ప్రార్థించితిమి. రాజుల కొరకును అధికారుల కొరకును ప్రార్థన చేయవలెనని పౌలు తిమోతికి వ్రాసెను. రాబోవు అధికారి ఎవరో ముందుగా కనిపెట్టవలెనని వ్రాయలేదు.

ప్రియులారా, రాబోవు ఎన్నికలలో మీలో ఎవరైనను ఎవరు గెలుతురని నన్ను అడిగినయెడల, "నాకు తెలియదు" అని చెప్పుదును. తరువాత, మీ భయమేమని అడుగుదును. అందుకు సిద్ధపడి రండి.

ప్రభువు కృప మీకు తోడైయుండును గాక. ఆమేన్.