చూశామా, చూశామనుకున్నామా?

చూడని దానిని చూశానని చెప్పడం అబద్ధమని చిన్నపిల్లలకు కూడా తెలుసు. కాని చూశానని మనసారా నమ్మి, లేని దానిని ఉన్నట్లు చెప్పేవాడి సంగతి ఏమిటి? అతడు అబద్ధికుడా, అమాయకుడా? అతని మనస్సాక్షి అతనిని గద్దించదు. తాను నిజమే చెప్పానని అతని నమ్మకం. అయితే అతని వల్ల ఏ తప్పూ జరగలేదని మనం ఊరుకోవచ్చునా? ఈ ప్రశ్నను గురించి ఆలోచించడానికి ఈ వారం మిమ్మల్ని ఒక దూరదేశపు అడవికి తీసుకువెళ్తాను.

అమెరికా వాయవ్య భాగంలో, కాలిఫోర్నియా ఉత్తర కొస మొదలుకొని ఆరెగాన్, వాషింగ్టన్ రాష్ట్రాల మీదుగా కెనడా వరకు దట్టమైన అడవులున్నాయి. ఒళ్లంతా జుట్టుతో, మనిషిలా రెండు కాళ్ల మీద నడిచే భారీ జీవి ఒకటి ఆ అడవుల్లో తిరుగుతోందని నమ్మేవారు చాలామంది ఉన్నారు. దానికి 'బిగ్‌ఫుట్' అని పేరు. అంటే పెద్దపాదం. 'సాస్క్వాచ్' అని ఇంకొక పేరు కూడా ఉంది. అది కెనడా పశ్చిమ తీరపు ఆదివాసుల భాష నుండి వచ్చిన మాట. ఈ జీవిని వెతకడానికి మనుషులు గుడారాలు, దుప్పట్లు, తిండి సామాను మోసుకుని అడవికి వెళ్తారు. 1995లో ఏర్పడిన ఒక పరిశోధకుల సంఘం రుసుము తీసుకుని ఇలాంటి యాత్రలు నిర్వహిస్తూ వచ్చింది. 2011 నుండి 2018 వరకు ఈ వెతుకులాట మీద ఒక టెలివిజన్ కార్యక్రమం కూడా నడిచింది.

రాత్రి వేళ వారు చేసే పని ఇది. లావుపాటి కర్రతో చెట్టు మొదలును బలంగా కొడతారు. పెద్దగా కేక వేస్తారు. ఆ తరువాత మాటామంతీ లేకుండా కూర్చుని వింటారు. అవతల నుండి అలాంటి చప్పుడే తిరిగి వస్తుందేమోనని వారి ఆశ. కొందరి దగ్గర ఒంటి వేడిని బట్టి చీకట్లో కూడా ఆకారాన్ని చూపించే కెమెరాలుంటాయి. ఇది చదివి నవ్వకండి. డబ్బు ఖర్చు పెట్టుకుని, చలిలో, దోమల మధ్య, గంటల తరబడి నోరు మెదపకుండా చీకటిని ఆలకించే మనుషులను తేలికగా తీసిపారేయడం న్యాయం కాదు. సృష్టిలో మనకు తెలియనిది ఇంకా మిగిలే ఉందని ఆశపడడం నేరం కూడా కాదు. 1901కి ముందు ఆఫ్రికా అడవుల్లోని ఒకాపీ అనే జంతువు శాస్త్రవేత్తల పుస్తకాల్లో లేదు. 1992లో వియత్నాం వేటగాళ్ల ఇళ్లలో దొరికిన కొమ్ముల వల్ల సావోలా అనే కొత్త జంతువు లోకానికి తెలిసింది. ఆ జంతువులు అక్కడి జనానికి ఎప్పటినుండో తెలుసు. వారి మాట నిజమైంది.

మరి చిక్కు ఎక్కడ వస్తుంది? మన పెద్దలు ఎప్పుడో చెప్పారు, అదిగో పులి అంటే ఇదిగో తోక అని. పదిమంది ఒక గుడారం దగ్గర కూర్చున్నారనుకోండి. అందరూ దూరం నుండి, ఒకే ఆశతో వచ్చినవారే. అవతల ఎక్కడో కొమ్మ విరిగిన చప్పుడైంది. ఒకరు ఊపిరి బిగపట్టారు. ఇంకొకరు అది రెండు కాళ్ల అడుగుల చప్పుడే అన్నారు. మూడవవారికి ఏదో వాసన కూడా తగిలింది. ఆ నిమిషంలో "అది జింక కావచ్చు, పక్క గుడారం వారు కొట్టిన చప్పుడైనా కావచ్చు" అని చెప్పడానికి ఎంత ధైర్యం కావాలో ఆలోచించండి. అలా అన్నవాడు అందరి సంతోషాన్ని పాడుచేసినవాడవుతాడు. అందుకే నోరు మూసుకుంటాడు. తెల్లవారేసరికి ఆ చప్పుడు ఒక సంఘటనగా మారుతుంది. ఊరికి చేరేసరికి సాక్ష్యంగా మారుతుంది. అక్కడ ఎవరూ అబద్ధం చెప్పలేదు. అయినా అబద్ధం ఒకటి పుట్టింది.

ఆ అడవుల్లో కంటిని మోసం చేసేవి తక్కువేమీ కాదు. నల్ల ఎలుగుబంటి అప్పుడప్పుడు వెనుక కాళ్ల మీద నిలబడుతుంది. దాని వెనుక పాదం ముద్ర మనిషి పాదాన్ని పోలి ఉంటుంది. ముందు పాదం పడిన చోటే వెనుక పాదం కూడా పడితే ఆ రెండూ కలిసి ఒకే పెద్ద ముద్రగా కనిపిస్తాయి. బిగ్‌ఫుట్‌ను చూశామని జనం చెప్పిన చోట్లను, నల్ల ఎలుగుబంట్లు ఉండే చోట్లను పోల్చి 2009లో శాస్త్రవేత్తలు ఒక పరిశీలన ప్రచురించారు. ఆ రెండూ చాలా వరకు ఒకే ప్రాంతాలు. ఆరెగాన్‌లో 1974లో బిగ్‌ఫుట్‌ను పట్టుకోవడానికి బలమైన బోను కట్టి, ఆరేళ్లు దానిని కనిపెట్టి చూశారు. చిక్కినవి ఎలుగుబంట్లే.

అసలు ఈ పేరు పుట్టిన కథలోనే మనకొక పాఠముంది. 1958లో ఉత్తర కాలిఫోర్నియాలోని బ్లఫ్ క్రీక్ దగ్గర రోడ్డు వేస్తున్నారు. అక్కడ బుల్‌డోజర్ నడిపే జెర్రీ క్రూకు మట్టిలో సుమారు 16 అంగుళాల పొడవున్న పాదముద్రలు కనిపించాయి. ఆయన ప్లాస్టర్‌తో ఒక అచ్చు తీసి స్థానిక పత్రిక వారికి చూపించాడు. ఆయన చూసినది పాదముద్రలను. అవి నిజంగానే అక్కడున్నాయి. వాటిని వేసిన జీవిని ఆయన చూడలేదు. ముద్రకూ జీవికీ మధ్యనున్న ఖాళీని లోకం తన ఊహతో నింపుకుంది. 2002లో, ఆ పనుల కాంట్రాక్టరు రే వాలెస్ మరణించాక, ఆయన కుటుంబం కర్రతో చెక్కిన పెద్ద పాదాలను బయటపెట్టి, అది తమ తండ్రి సరదాకు చేసిన పని అని ప్రకటించింది. 44 ఏళ్ల తరువాత! దీనిని ఒప్పుకోని అన్వేషకులు నేటికీ ఉన్నారు. వేళాకోళం చేసినవాడు ఆ రోజు నవ్వుకుని ఉండవచ్చు. కాని దాని వెంట నడిచినవారి ఏళ్లను ఎవరు తిరిగి ఇవ్వగలరు?

ఇలాంటి వేళాకోళాల వల్ల పోయేది డబ్బు, కాలం మాత్రమే కాదు. మాటకు విలువ పోతుంది. వాషింగ్టన్ స్టేట్ విశ్వవిద్యాలయంలో పనిచేసిన మానవశాస్త్రజ్ఞుడు గ్రోవర్ క్రాంట్జ్ ఈ జీవి ఉందని నమ్మినవాడు. ముద్రలు, ఫోటోలు ఎన్ని చూపినా లోకం నమ్మదు గనుక, ఒకదానిని చంపి శరీరాన్ని చూపించక తప్పదని ఆయన వాదించాడు. గమనించారా? మనిషి మాట చెల్లని చోట శవాన్ని సాక్ష్యం అడగవలసి వస్తుంది. ఉందో లేదో తెలియని, ఉంటే మనిషికి దగ్గర బంధువు కావచ్చునన్న జీవిని, ఉందని చూపించడం కోసమే చంపడం సబబేనా? వాషింగ్టన్ రాష్ట్రంలోని స్కమేనియా కౌంటీ కాదని తీర్పు చెప్పింది. సాస్క్వాచ్‌ను చంపితే 10,000 డాలర్ల వరకు జరిమానా, 5 ఏళ్ల వరకు జైలు అని 1969లో శాసనం చేసింది. తుపాకులు పట్టుకుని అడవిలోకి వచ్చేవారి వల్ల మనుషులకు కలిగే ప్రమాదం కూడా ఆ శాసనం చేసినవారి దృష్టిలో ఉంది. 1984లో ఆ శిక్షను తగ్గించి, కౌంటీని ఆ జీవికి ఆశ్రయస్థానంగా ప్రకటించారు.

నిజాయితీగా వెతకడం ఎలాగో చూపించినవారు కూడా ఉన్నారు. పీటర్ బర్న్ అనే అన్వేషకుడు 1976లో తన దగ్గరున్న 15 వెంట్రుకలను పరీక్షించమని అమెరికా నేరపరిశోధక సంస్థ ఎఫ్.బి.ఐ.ని కోరాడు. అవి జింక జాతివని 1977లో తేలింది. బ్రిటన్‌కు చెందిన జన్యుశాస్త్రజ్ఞుడు బ్రయాన్ సైక్స్ ప్రపంచం నలుమూలల నుండి ఇలాంటి వెంట్రుకలను అడిగి తెప్పించుకున్నాడు. 2014లో 30 నమూనాల ఫలితాలు ప్రకటించాడు. అన్నీ తెలిసిన ప్రాణులవే: ఎలుగుబంటి, గుర్రం, ఆవు, ముళ్లపంది మొదలైనవి. ఒకటి మనిషిదే. ఆ వెంట్రుకలను పంపినవారిని చూసి జాలిపడనక్కరలేదు. ఎన్నో ఏళ్లుగా దాచుకున్న ఆశను ఇంకొకరి చేతిలో పెట్టి, "ఏది తేలితే అది చెప్పండి" అనడం చిన్న విషయం కాదు.

ఇందులో ప్రాణాల సంగతి కూడా ఉంది. 2024 డిసెంబరులో, క్రిస్మస్ రోజుల్లో, అదే స్కమేనియా కౌంటీ అడవిలోకి సాస్క్వాచ్‌ను వెతకడానికి ఇద్దరు వెళ్లారు. తిరిగి రాలేదు. గడ్డకట్టే చలిలో, మంచులో, కూలిన చెట్ల మధ్య 60 మందికి పైగా స్వచ్ఛంద సేవకులు మూడు రోజులు గాలించారు. చివరకు మృతదేహాలు దొరికాయి. చలికి తట్టుకునే ఏర్పాట్లు చాలకపోవడమే కారణమై ఉంటుందని అధికారులు భావించారు. వారిని ఎగతాళి చేసే హక్కు మనకు లేదు. పండుగ పూట ఇళ్లు వదిలి వారి కోసం మంచులో నడిచినవారిని మరచిపోయే హక్కు కూడా లేదు. మన అన్వేషణ మన ఒక్కరిదే అనుకుంటాం. దాని భారం ఎవరెవరి మీద పడుతుందో బయలుదేరే ముందే లెక్కచూసుకోవాలి.

ఇప్పుడు మొదటి ప్రశ్నకు వద్దాం. నిజమని నమ్మి లేనిది చెప్పినవాడు అబద్ధికుడు కాడు. కాని అతని బాధ్యత నోరు తెరిచినప్పుడు కాదు, అంతకు ముందే మొదలైంది. వెతకడానికి బయలుదేరేటప్పుడే "లేదు" అనే జవాబును కూడా వినడానికి సిద్ధపడ్డాడా? ఏది దొరికితే తన ఆశను వదులుకుంటాడో ముందే తనకు తాను చెప్పుకున్నాడా? విన్నది చప్పుడైతే చప్పుడనే చెప్పాడా, అడుగులని చెప్పాడా? వీటికి జవాబివ్వలేనివాడు తన కోరికకు సాక్షి అవుతాడు గాని సత్యానికి సాక్షి కాలేడు.

ప్రియ పాఠకులారా, మనలో ఎక్కువమందిమి ఆ అడవికి వెళ్లం. కాని పక్కింటి వారిని గురించి, ఊళ్లో జరిగిన గొడవను గురించి "నేను చూశాను" అని మనం ఎన్నిసార్లు అనడం లేదు! చూసింది తలుపు తెరిచి ఉండడం, చెప్పింది దొంగతనం. చూసింది ఇద్దరు మాట్లాడుకోవడం, చెప్పింది మరొకటి. బిగ్‌ఫుట్ విషయంలో పొరపడితే ఒక అడవి కథ పెరుగుతుంది. మనిషి విషయంలో పొరపడితే ఒక కుటుంబం తలెత్తుకోలేకపోతుంది. ఈ వారం ఎవరైనా మిమ్మల్ని "నువ్వు చూశావా?" అని అడిగితే, చూసినంతవరకే చెప్పండి. మిగిలినదానికి "నాకు తెలియదు" అనండి. రాత్రంతా చలిలో మేలుకుని, తెల్లవారాక తన పుస్తకంలో "ఏమీ వినబడలేదు" అని రాసుకుని గుడారం విప్పుకునే మనిషి ఖాళీ చేతులతోనే ఇంటికి వెళ్తాడు. అతడు ఎప్పుడైనా "విన్నాను" అంటే మాత్రం అతని మాటను నమ్మవచ్చు.