బెరయవారి వలె విచారించుదము



బెరయలోని వారు పౌలు చెప్పిన వాక్యమును ఆసక్తితో విని, అది నిజమా కాదా అని ప్రతిదినము లేఖనములు వెదకి చూచిరి (అపొ.కా. 17:11). పౌలంతటి వాని మాటనే విచారించినందుకు లూకా వారిని మెచ్చుకొనెను. ఆ లూకా వైద్యుడు కూడ.

అయితే సెల్‌ఫోనులో వచ్చిన మాటను మనమెందుకు విచారింపము? సుగటూరులోను, కె.జి.ఎఫ్. లైన్లలోను మన పెద్దలు కొందరు "సూది వేసికొంటే రక్తము గడ్డకట్టునట" అని ఫ్లూ టీకాకు సైతము జంకుచున్నారు. ఆ భయము వట్టిది కాదు, కాని అది వేరొక టీకా సంగతి. కోవిషీల్డు వలన బహు అరుదుగా రక్తము గడ్డకట్టునని 2024లో పెద్ద వార్త వచ్చెను. ఐరోపా ఔషధ సంస్థ ఆ సంగతిని 2021 ఏప్రిల్‌లోనే బయటపెట్టెను. ఆ ప్రమాదము చాలవరకు సూది వేసిన కొన్ని వారములలో కనబడునదే. 2021లో వేసికొన్నవారు నేడు దానికై నిద్ర మానుకోనక్కరలేదు. ఫ్లూ సూది వేరు. అందులోనిది చచ్చిన క్రిమి, ఫ్లూ జబ్బు తెప్పించు శక్తి దానికి లేదు.

ఆసా రాజు వైద్యులను నమ్మి చెడెను గదా అనువారున్నారు (2 దిన. 16:12). వైద్యుని యొద్దకు పోవుట ఆసా తప్పు కాదు, యెహోవాను విడిచిపోవుట తప్పు.

మన సంగతి మరీ ముఖ్యము. బంగారు గనులు 2001లో మూతబడెను గాని, రాతి ధూళి నాటి కార్మికుల ఊపిరితిత్తులలో నుండి పోలేదు. అట్టివారికి ఫ్లూ గాని న్యుమోనియా గాని వచ్చినయెడల ప్రాణాపాయమే. అందుచేత వద్దనుటకు ముందు, సరే అనుటకు ముందు కూడ, మీ ఒంటి సంగతి తెలిసిన వైద్యుని అడుగుడి. మందుల చీటీలన్నియు తీసికొని పోవుడి. రక్తము పలుచబరచు మాత్రలు వాడుచున్నారా, మునుపు ఏ సూదికైనను దద్దురులో ఆయాసమో వచ్చెనా, నేడు జ్వరమున్నదా, ఇవి తప్పక చెప్పుడి. "నా వయస్సువానికి దీనివలన మేలెంత, కీడెంత?" అని నోరు తెరచి అడుగుడి. విసుగుకొను వైద్యుడైతే మరియొకరిని అడుగవచ్చును. కోలారులో తెలుగు తెలిసిన వైద్యులకు కొదువ లేదు.

సూది తరువాత అరగంట అక్కడనే కూర్చుండుడి. ఇంటికి వచ్చిన పిమ్మట ఏదైన తేడా చేసినయెడల ప్రాథమిక ఆరోగ్య కేంద్రములో వ్రాయించుడి. మందుల దుష్ఫలితములు తెలుపుటకు ప్రభుత్వపు ఉచిత ఫోను 1800-180-3024 కూడ ఉన్నది. పిల్లలు దూరదేశమందున్న వృద్ధులతో ఆసుపత్రికి తోడు పోవుటకు ప్రతి సంఘములోని యౌవనస్థులు ఈ ఆదివారమే పేర్లు ఇయ్యవలెనని కోరుచున్నాము.